న్యూట్రినోల నుంచి కృష్ణ పదార్థం దాకా: ఆర్థర్ మెక్‌డొనాల్డ్ పరిశోధన దారి

2015లో భౌతికశాస్త్ర నోబెల్‌ను ఇద్దరు పంచుకున్నారు. ఒకరు జపాన్‌కు చెందిన తకాకి కజితా, ఇంకొకరు కెనడాకు చెందిన ఆర్థర్ మెక్‌డొనాల్డ్. విద్యుదావేశం లేని, దేనినీ దాదాపు తాకని సూక్ష్మ కణాలైన న్యూట్రినోలు ప్రయాణంలో ఒక రకం నుంచి మరో రకానికి మారతాయనీ, అలా మారాలంటే వాటికి ద్రవ్యరాశి ఉండి తీరాలనీ వీళ్ల బృందాలు తేల్చాయి. అది పత్రికలన్నీ రాశాయి. అంతగా ఎవరి దృష్టికీ రాని సంగతి ఇంకొకటుంది. బహుమతి ప్రకటించే నాటికే మెక్‌డొనాల్డ్, తన న్యూట్రినో ప్రయోగం జరిగిన గనిలోనే, కంటికి కనపడకుండా గురుత్వం ద్వారా మాత్రమే జాడ తెలిసే కృష్ణ పదార్థాన్ని వెతకడానికి ద్రవ ఆర్గాన్‌తో నింపే మరో గోళం పనిలో మునిగి ఉన్నారు.

పైకి చూస్తే ఈ రెండు వెతుకులాటలకూ పొత్తు కుదరదు. న్యూట్రినో ఉందని 1956లోనే రైన్స్, కోవాన్ అణు రియాక్టర్ పక్కన నిరూపించారు. కృష్ణ పదార్థపు కణాన్ని మాత్రం ఇంతవరకూ ఏ ప్రయోగశాలా పట్టుకోలేదు; అసలు అది కణమేనా అన్నది కూడా ఖాయం కాలేదు. అయినా న్యూట్రినో ప్రయోగాల్లో చేయి తిరిగినవాళ్లు కృష్ణ పదార్థం ప్రయోగాల్లో ఎక్కడ చూసినా కనిపిస్తారు. దీనికి కారణం సిద్ధాంతంలో కన్నా పనితనంలో ఉంది. డిటెక్టర్‌లో మెరిసిన ప్రతి మినుకునూ పట్టుకుని, అది తాము వెతుకుతున్నదా, లేక దాని వేషం వేసుకొచ్చిన మామూలు రేడియోధార్మికతా అని నిగ్గుతేల్చడమే రెండు చోట్లా పొద్దస్తమానం జరిగే పని. ఈ రంగంవాళ్లు బ్యాక్‌గ్రౌండ్ అనేది ఆ రెండో బాపతునే. ఇలాంటి ప్రయోగాల్లో బతుకంతా గడిపే శాస్త్రవేత్త సమయంలో అధిక భాగం దాన్ని అర్థం చేసుకోవడానికే పోతుంది. బయటి ప్రపంచం ఆవిష్కరణను చూస్తుంది గానీ, ఆ ఆవిష్కరణను నమ్మదగ్గదిగా చేసింది ఈ కనపడని పనే. మెక్‌డొనాల్డ్ దారిని ఈ కోణం నుంచి చూడటం అవసరం.

సూర్యుడి గర్భంలో హైడ్రోజన్ హీలియంగా మారుతున్నప్పుడు న్యూట్రినోలు పుడతాయి. భూమి దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సుమారు 6,500 కోట్లు దూసుకుపోతుంటాయి. దాదాపు ఏ ఒక్కటీ దేనినీ తాకదు. వీటిని పట్టుకోవాలని అమెరికాలోని సౌత్ డకోటాలో హోమ్‌స్టేక్ బంగారు గనిలో, సుమారు కిలోమీటరున్నర లోతున, రేమండ్ డేవిస్ 1960లలో 615 టన్నుల క్లోరిన్ ద్రవాన్ని తొట్టిలో నింపారు. బట్టల డ్రై క్లీనింగ్‌లో వాడే ద్రవం అది. న్యూట్రినో తాకిన క్లోరిన్ పరమాణువు ఆర్గాన్‌గా మారుతుంది. వందల టన్నుల ద్రవంలోంచి ఆ కొద్ది ఆర్గాన్ పరమాణువులను బయటికి లాగి ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. సూర్యుడి నమూనా నుంచి ఎన్ని న్యూట్రినోలు రావాలో కట్టిన సిద్ధాంతవేత్త జాన్ బాకాల్ లెక్క ప్రకారం రావాల్సిన దాంట్లో మూడో వంతు మాత్రమే వచ్చింది. లెక్క తప్పా, ప్రయోగం తప్పా అన్న వాదన మూడు దశాబ్దాలు నడిచింది. డేవిస్ వాదనకు దిగకుండా, తన పద్ధతిలో పరమాణువులు ఎక్కడైనా జారిపోతున్నాయా అని మళ్లీ మళ్లీ పరీక్షించుకుంటూ పోయారు. తెలిసిన సంఖ్యలో ఆర్గాన్ పరమాణువులను తానే తొట్టిలో కలిపి, అవి తిరిగి దొరుకుతున్నాయో లేదో చూశారు. దొరికాయి. 2002లో ఆయనకు నోబెల్ వచ్చింది. కానీ ఆయన ప్రయోగానికి ఒక పరిమితి ఉంది. అది ఎలక్ట్రాన్ రకం న్యూట్రినోలను మాత్రమే చూడగలదు. మిగతా రెండు రకాలుగా (మ్యూయాన్, టౌ) మారినవి ఉంటే వాటికి ఆ తొట్టి గుడ్డిది.

మెక్‌డొనాల్డ్ అప్పటికి ఈ రంగంలో లేరు. 1943లో నోవా స్కోషియాలోని సిడ్నీలో పుట్టి, డల్‌హౌసీలో చదివి, 1969లో కాల్‌టెక్‌లో కేంద్రక భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని, 1970 నుంచి కెనడాలోని చాక్ రివర్ అణు ప్రయోగశాలలో పనిచేశారు. 1982లో ప్రిన్స్‌టన్ వెళ్లారు. ఆ రోజుల్లో ఆయన చేసిన పని న్యూట్రినోలకు దూరంగా కనిపిస్తుంది: కేంద్రకాల్లో సౌష్టవ నియమాలు ఎంత సూక్ష్మంగా భంగపడతాయో కొలవడం. ఆ కొలతల్లో గామా కిరణంతో డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) కేంద్రకాన్ని విడగొట్టడం కూడా ఒకటి. అప్పుడది అందులోవాళ్లకే పట్టే చిన్న విషయం. తర్వాత కొన్నేళ్లకు ఆయన చేపట్టిన ప్రయోగం ప్రాణమంతా సరిగ్గా ఆ ప్రక్రియ మీదే నిలబడింది. ఇలాంటి కలయికను ముందే ఊహించి ఎవరూ దారి వేసుకోలేరు. ఒక కొలతను అడుగంటా నేర్చుకున్నవాడికి అది ఏనాటికైనా పనికొస్తుందన్నంత వరకు చెప్పవచ్చు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ ప్రాంగణంలో హెర్బర్ట్ చెన్ 1984లో ఒక ఆలోచన చేశారు. మామూలు నీటి బదులు, హైడ్రోజన్ స్థానంలో డ్యూటీరియం ఉండే భారజలం వాడితే సూర్యుడి న్యూట్రినోలను రెండు విధాలుగా లెక్కపెట్టవచ్చు. మొదటి విధంలో ఎలక్ట్రాన్ న్యూట్రినో డ్యూటీరియాన్ని తాకి ఎలక్ట్రాన్‌ను పుట్టిస్తుంది. మిగతా రకాలకు ఇది చేతకాదు. రెండో విధంలో ఏ రకం న్యూట్రినో అయినా సరే డ్యూటీరియాన్ని ప్రోటాన్‌గా, న్యూట్రాన్‌గా విడగొడుతుంది. మొదటి లెక్క ఎలక్ట్రాన్ న్యూట్రినోలది, రెండోది మొత్తం న్యూట్రినోలది. రెండూ సమానమైతే సూర్యుడి గురించిన మన లెక్కే తప్పు. మొదటిది తక్కువైతే దారిలో న్యూట్రినోలు మారుతున్నట్టు. సూర్యుడి నమూనా మీద ఏమాత్రం ఆధారపడకుండా ప్రశ్నకు జవాబు చెప్పే మార్గం ఇది. భౌతికశాస్త్రంలో ఇంత సూటి ప్రయోగాలు చాలా అరుదు.

భారజలం ఎక్కడుంది? కెనడా రియాక్టర్ల కోసం నిల్వ పెట్టుకుంది. వెయ్యి టన్నులు, విలువ సుమారు 30 కోట్ల కెనడా డాలర్లు. దాన్ని ఆ దేశపు అణుశక్తి సంస్థ అరువిచ్చింది. క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ యూవన్ కెనడా వైపు నుంచి చెన్‌తో కలిసి బృందాన్ని కట్టారు. ఒంటారియోలోని సడ్‌బరీ దగ్గర క్రైటన్ నికెల్ గనిలో 2 కిలోమీటర్ల లోతున చోటు దొరికింది. 1987లో చెన్ ల్యుకేమియాతో చనిపోయారు. తన ఆలోచన గనిలోకి దిగడం ఆయన చూడలేదు. 1989లో మెక్‌డొనాల్డ్ ప్రిన్స్‌టన్ వదిలి క్వీన్స్‌కు వచ్చి ప్రయోగ బాధ్యతలు తీసుకున్నారు. సడ్‌బరీ న్యూట్రినో అబ్జర్వేటరీ, అందరూ స్నో అని పిలిచేది, అలా మొదలైంది.

గనిలో రాతిని తొలిచి 34 మీటర్ల ఎత్తు, 22 మీటర్ల వెడల్పు గల కుహరం చేశారు. మధ్యలో 12 మీటర్ల వ్యాసమున్న యాక్రిలిక్ గోళం, గోడ మందం 5.5 సెంటీమీటర్లు. లోపల భారజలం, చుట్టూ 7,000 టన్నుల మామూలు నీరు, ఆ నీటిలోనే గోళాన్ని చుట్టుముట్టి, అతి చిన్న మెరుపును కూడా పట్టే దాదాపు 9,500 ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు. గని లిఫ్టులో పట్టేంత ముక్కలుగానే ప్రతిదీ కిందికి దిగాలి. కాబట్టి గోళాన్ని 120కి పైగా యాక్రిలిక్ పలకలుగా దించి అక్కడే అతికించారు.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. డ్యూటీరియం కేంద్రకాన్ని విడగొట్టడానికి 2.2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. న్యూట్రినో ఒక్కటే ఆ పని చేస్తే ఫర్వాలేదు, కానీ ఆ శక్తి దాటిన గామా కిరణం ఏదైనా చేస్తుంది. ప్రకృతిలో అలాంటివి రెండు ముఖ్యంగా ఉన్నాయి. థోరియం క్షీణిస్తూ పోయే వరుస చివర్లో వచ్చే థాలియం 208 నుంచి 2.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా, యురేనియం వరుసలో వచ్చే బిస్మత్ 214 నుంచి 2.4 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా. రాయి, దుమ్ము, గాజు, ఉక్కు, గని గాలిలోని రేడాన్, అన్నిటిలోనూ ఈ రెండు వరుసలు కొద్దో గొప్పో ఉంటాయి. ఆ గామా విడగొట్టిన న్యూట్రాన్‌కూ, న్యూట్రినో విడగొట్టిన న్యూట్రాన్‌కూ ఎలాంటి తేడా లేదు. రెండూ అచ్చం ఒకటే. తర్వాత ఎంత తెలివైన విశ్లేషణ చేసినా ఒక్కో న్యూట్రాన్‌ను చూసి ఇది ఎక్కడి నుంచి వచ్చిందని చెప్పడం కుదరదు.

మిగిలిన దారి ఒకటే. నీళ్లలో యురేనియం, థోరియం దాదాపు లేకుండా చేయాలి. ఉన్న కాస్తా ఎంతో ఖచ్చితంగా కొలవాలి. నీటి బరువులో కోటి కోట్ల వంతు కన్నా తక్కువ థోరియం ఉండాలన్న లక్ష్యం పెట్టుకున్నారు, అది సాధించారు. అందుకోసం నడుస్తున్న నికెల్ గని అడుగున శుభ్రమైన గదులు కట్టారు. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ గని బట్టలు విప్పి, స్నానం చేసి, దుమ్ము రాలని దుస్తులు వేసుకోవాలి. అది మంత్రి అయినా, వెల్డర్ అయినా ఒకటే. నీటిని ఆగకుండా శుద్ధి చేస్తూనే, ఆ రెండు వరుసల్లోనే వచ్చే రేడియాన్ని ప్రత్యేక పూత పూసిన గుళికల మీదికి లాగి విడిగా లెక్కపెట్టారు. అదే కొలతను డిటెక్టర్ లోపలి కాంతి నమూనా నుంచి మరో పద్ధతిలోనూ తీశారు. ఒకదానికొకటి సంబంధం లేని ఈ రెండు కొలతలూ కలిసినప్పుడే సంఖ్యను నమ్మారు. స్నో వ్యాసాల్లో ఈ భాగాన్ని చాలామంది దాటేసి ఫలితం పట్టికకు వెళతారు. నిజానికి ఆ ప్రయోగంలో చదవాల్సింది ఇదే.

లోతు కూడా ఇందుకే. నేల మీద అరచేయి గుండా, విశ్వకిరణాలు గాలిలో పుట్టించే మ్యూయాన్ అనే కణం సెకనుకు ఒకటి దాకా దూసుకుపోతుంది. 2 కిలోమీటర్ల రాయి కింద, అంత పెద్ద డిటెక్టర్ మొత్తం మీద గంటకు మూడు మాత్రమే. న్యూట్రినో సంకేతాలు రోజుకు సుమారు పది. ఈ నిష్పత్తి దగ్గరే పని సాధ్యమవుతుంది.

1999లో డేటా మొదలైంది. 2001 జూన్‌లో మొదటి లెక్క వచ్చింది. దాన్ని జపాన్‌లోని న్యూట్రినో డిటెక్టర్ సూపర్ కమియోకాండే కొలతతో పోల్చి చూస్తే న్యూట్రినోలు మారుతున్నట్టే కనిపించింది. 2002 ఏప్రిల్‌లో రెండు లెక్కలూ స్నో నుంచే వచ్చాయి. సూర్యుడిలోని బోరాన్ 8 నుంచి వచ్చే న్యూట్రినోలు మొత్తం చదరపు సెంటీమీటరుకు సెకనుకు సుమారు 50 లక్షలు. వాటిలో ఎలక్ట్రాన్ రకం మూడో వంతే. మొత్తం సంఖ్య బాకాల్ లెక్కతో చక్కగా సరిపోయింది. సూర్యుడి లెక్కా సరైనదే, డేవిస్ కొలతా సరైనదే. మారింది న్యూట్రినో.

బృందం అక్కడితో ఆగలేదు. 2001లో భారజలంలో 2 టన్నుల ఉప్పు కలిపారు. ఉప్పులోని క్లోరిన్ న్యూట్రాన్‌ను బాగా మింగి, ఎక్కువ శక్తి గల గామా కిరణాలను వదులుతుంది; న్యూట్రాన్ లెక్క బలపడుతుంది. ఉప్పు దశలో విశ్లేషణ చేసేవాళ్లకు డేటాలో కొంత భాగాన్ని దాచిపెట్టారు, కొంత భాగంలో బయటి న్యూట్రాన్లను తెలియని సంఖ్యలో కలిపారు. పద్ధతి మొత్తం ఖాయం చేశాకే తెర తీశారు. వచ్చిన జవాబు నచ్చేదాకా సర్దుబాట్లు చేసుకునే అవకాశం తమకు తాముగా మూసేసుకోవడం అన్నమాట. ఇప్పుడు కృష్ణ పదార్థం ప్రయోగాలన్నిటిలోనూ దాదాపు ఇదే ఆనవాయితీ. మూడో దశలో హీలియం 3 నింపిన సన్నటి గొట్టాలు దించి న్యూట్రాన్లను ఇంకో విధంగా లెక్కపెట్టారు. 2006 నవంబరులో డేటా ఆపి భారజలాన్ని తిరిగి ఇచ్చేశారు.

ఈ సంవత్సరాలను ఒకసారి వరుసగా పెట్టి చూస్తే ఈ రంగంలో వృత్తి జీవితం ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆలోచన 1984, డేటా 1999, జవాబు 2002, నోబెల్ 2015. ఒక డాక్టరేట్ విద్యార్థికి ఉండేది నాలుగైదేళ్లు. 1992లో చేరినవాడికి దక్కేది యాక్రిలిక్ నమూనాల్లో థోరియం కొలవడం. 2000లో చేరినవాడికి దక్కేది చరిత్రకెక్కే గ్రాఫు. ఇద్దరి శ్రమా ఒకే ఫలితంలోకి వెళుతుంది, కానీ ఉద్యోగాల ఎంపిక కమిటీ ముందు ఇద్దరి కథలూ సమానంగా కనిపించవు. వంద పేర్లకు పైగా ఉన్న వ్యాసంలో ఎవరు ఏం చేశారో బయటివాళ్లకు తెలిసే దారి సిఫారసు లేఖ ఒక్కటే. ఇది ఈ రంగంలో నిజమైన అన్యాయం. దీన్ని సరిదిద్దాలంటే పదార్థాల శుద్ధి, రేడియోధార్మికత కొలతల మీద విడిగా వ్యాసాలు రావాలి, వాటికి విలువ కట్టాలి. కొన్ని బృందాలు ఇప్పుడు అలా ప్రచురిస్తున్నాయి. ఇంకా చాలా జరగాలి.

డైరెక్టర్ స్థానంలో ఉన్నవాడి పని మరీ వేరు. భారజలం ఇచ్చిన సంస్థతో ఒప్పందాలు, గని యాజమాన్యంతో లిఫ్టు వేళలు, మూడు దేశాల నిధుల సంస్థలకు నివేదికలు, కుహరం తవ్వకంలో భద్రత. సమీకరణాలు రాసే సమయం అందులో చాలా కొద్ది. మెక్‌డొనాల్డ్‌ను తెలిసినవాళ్లు ఆయన ఓర్పు గురించి చెప్పే మాటలు మర్యాదకు చెప్పేవిగా అనిపించవచ్చు. ఏళ్ల తరబడి జవాబు లేని ప్రయోగానికి మనుషులను, డబ్బును నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఆ ఓర్పు విలువ తెలుస్తుంది.

కజితా దారి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కమియోకాండే డిటెక్టర్‌ను 1983లో కట్టింది న్యూట్రినోల కోసం కాదు, ప్రోటాన్ క్షీణిస్తుందేమో చూడటానికి. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు ఆ వెతుకులాటకు అడ్డం. 1986లో ఆ అడ్డాన్ని ఇంకా బాగా లెక్కగట్టాలని విశ్లేషణ పద్ధతిని మెరుగుపరుస్తుంటే, మ్యూయాన్ రకం న్యూట్రినోలు ఉండాల్సిన దాని కన్నా తక్కువగా ఉన్నట్టు కజితాకు కనిపించింది. తన పొరపాటేమోనని చాలా కాలం వెతికారు. 1988లో ఆ తేడాను ప్రచురించారు. ఇంకా పెద్దదైన సూపర్ కమియోకాండేలో, భూమి అవతలి నుంచి వచ్చే న్యూట్రినోలే తగ్గుతున్నాయని స్పష్టంగా చూపించి 1998లో ప్రకటించారు. ప్రోటాన్ క్షీణత ఇప్పటికీ కనపడలేదు. అడ్డమనుకున్నదే ఆవిష్కరణ అయింది.

కృష్ణ పదార్థం ఉనికికి సాక్ష్యాలన్నీ ఆకాశంలోనివి. 1933లో కోమా గెలాక్సీ గుంపులో గెలాక్సీల వేగాలు చూసి ఫ్రిట్జ్ జ్వికీ, కనిపించే ద్రవ్యరాశి చాలడం లేదన్నారు. 1970లలో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ గెలాక్సీల అంచుల్లో నక్షత్రాలు ఊహించిన దాని కన్నా వేగంగా తిరుగుతున్నాయని చూపారు. ఇప్పటి లెక్కల్లో మామూలు పదార్థానికి ఐదు రెట్లకు పైగా కృష్ణ పదార్థం ఉంది. అది కణాలే అయితే, మన గెలాక్సీలో ఆ కణాల మధ్య నుంచే భూమి ఈదుకుంటూ పోతోంది. అప్పుడప్పుడు ఒకటి పరమాణు కేంద్రకాన్ని తాకి కాస్త కదిలించాలి. ఆ కదలికను చూడాలన్నదే ప్రయోగం.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే రెండు రంగాల చుట్టరికం బయటపడుతుంది. 1984లో ద్రుకియర్, స్టొడోల్‌స్కీ కేంద్రకాల కదలికతో న్యూట్రినోలను పట్టుకునే డిటెక్టర్‌ను ప్రతిపాదించారు. మరుసటి ఏడాది గుడ్‌మన్, విట్టెన్ అదే పరికరం కృష్ణ పదార్థానికీ పనికొస్తుందని రాశారు. 1987లో వచ్చిన మొట్టమొదటి ప్రయోగ ఫలితం కూడా న్యూట్రినో పనికి కట్టిన జెర్మేనియం డిటెక్టర్‌దే. కేంద్రకంలో రెండు న్యూట్రాన్లు ఒకేసారి ప్రోటాన్లుగా మారే జంట బీటా క్షీణతను వెతకడానికి హోమ్‌స్టేక్ గనిలోనే పెట్టిన పరికరం అది.

స్నో ముగిశాక ఆ గని ప్రయోగశాల పెరిగి స్నోల్యాబ్ అయింది. పాత యాక్రిలిక్ గోళంలో ఇప్పుడు స్నో ప్లస్ నడుస్తోంది. భారజలం బదులు కాంతినిచ్చే నూనె లాంటి ద్రవం నింపారు. ఇది నీటి కన్నా తేలిక. ఒకప్పుడు గోళం కిందికి దిగిపోకుండా తాళ్లతో వేలాడదీశారు. ఇప్పుడు పైకి తేలిపోకుండా తాళ్ల వలతో కిందికి కట్టాల్సి వచ్చింది. కొద్ది దూరంలో కృష్ణ పదార్థాన్ని వెతికే డీప్ 3600 అనే ప్రయోగం. మెక్‌డొనాల్డ్ స్నో తర్వాత ఎక్కువగా పట్టించుకున్నది దీన్నీ, దీని తర్వాతి తరాన్నీ.

డీప్ 3600లో 3 టన్నులకు పైగా ద్రవ ఆర్గాన్, యాక్రిలిక్ గోళం, 255 ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు. స్నోలో నేర్చుకున్నది ఇక్కడ నేరుగా కనిపిస్తుంది. గోళం తయారవుతున్నంత కాలం గాలిలోని రేడాన్ దాని లోపలి తలానికి అంటుకుంటుంది. రేడాన్ నుంచి పుట్టే సీసం 210 అర్ధాయువు 22 ఏళ్లు. అది అక్కడే కూర్చుని ఆల్ఫా కణాలకు కారణమవుతుంది. తుడిస్తే పోదు. అందుకని గోళం మూసేశాక, గాలి తగలకుండా, ఒక యంత్రాన్ని లోపలికి దించి గోడను అర మిల్లీమీటరు మేర గీకేశారు. కొత్తగా బయటపడిన తలం మళ్లీ గాలి చూడకముందే మిగతా పనంతా ముగించారు.

ఆర్గాన్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. గాలి నుంచి తీసిన ఆర్గాన్‌లో విశ్వకిరణాలు పుట్టించిన ఆర్గాన్ 39 కలిసి ఉంటుంది. కిలోకు సెకనుకు ఒక క్షీణత చొప్పున, 3 టన్నులకు పైగా ఆర్గాన్‌లో ఏడాదికి సుమారు 10 వేల కోట్ల మెరుపులు. వీటిలోంచి ఏడాదికి ఒకటో రెండో కృష్ణ పదార్థపు తాకిళ్లను వేరుచేయాలి. ఆర్గాన్ స్వభావమే దీనికి దారి చూపింది. కేంద్రకం కదిలినప్పుడు వెలువడే కాంతిలో ఎక్కువ భాగం కొద్ది నానో సెకన్లలోనే వచ్చేస్తుంది. బీటా కణం వల్ల వచ్చే కాంతిలో ఎక్కువ భాగం ఒకటిన్నర మైక్రో సెకన్ల దాకా సాగుతుంది. మెరుపు ఆకారాన్ని బట్టే రెండింటినీ వేరుచేయవచ్చు. 2019లో 231 రోజుల డేటా మీద ఫలితం వచ్చింది. కృష్ణ పదార్థం అనదగ్గ ఒక్క సంఘటన కూడా మిగల్లేదు.

తర్వాతి మెట్టు ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలలో కడుతున్న డార్క్‌సైడ్ 20కె. సుమారు 50 టన్నుల ఆర్గాన్. ఈసారి దాన్ని గాలి నుంచి తీసుకోరు. అమెరికాలోని కొలరాడోలో భూగర్భ కార్బన్ డయాక్సైడ్ బావుల్లో విశ్వకిరణాలు సోకని ఆర్గాన్ దొరుకుతుంది. అందులో ఆర్గాన్ 39 గాలిలోని దాని కన్నా 1,400 రెట్లు తక్కువని చిన్న ప్రయోగం డార్క్‌సైడ్ 50 చూపింది. అమెరికాలో తోడి, ఇటలీలోని సార్డీనియాలో పాత బొగ్గు గని బావిలో నిలబెట్టిన 350 మీటర్ల స్వేదన స్తంభంలో శుద్ధి చేసి, డిటెక్టర్‌కు చేర్చాలన్నది పథకం. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ వాయువుల పనితనం అనుకోని చోట ఉపయోగపడింది. ఇదే బృందంలోని క్రిస్టియానో గల్బియాతి ఇటలీలో సులువైన వెంటిలేటర్ తయారీకి పూనుకుంటే, కెనడా ప్రయోగశాలల మనుషులను మెక్‌డొనాల్డ్ కూడగట్టారు. వాయు పీడనాన్ని అదుపులో ఉంచడం వాళ్లకు రోజువారీ పని.

ఏమీ దొరకలేదన్న ఫలితాన్ని వైఫల్యంగా రాయడం పత్రికలకు అలవాటు. ఆ రాత తప్పు. ఇన్ని రోజులు చూశాం, బ్యాక్‌గ్రౌండ్ ఇంత, ఇంతకన్నా బలంగా తాకే కణం లేదు అని నిలబడి చెప్పగలగడం ఒక కొలత. అది లేకపోతే ఏమవుతుందో గ్రాన్ సాసోలోని డామా ప్రయోగం చూపిస్తోంది. సోడియం అయోడైడ్ స్ఫటికాల్లో ఏటా ఎండాకాలానికి పెరిగి చలికాలానికి తగ్గే సంకేతం కనపడుతోందని, అది కృష్ణ పదార్థమేనని ఆ బృందం రెండు దశాబ్దాలకు పైగా చెబుతోంది. అదే రకం స్ఫటికాలతో స్పెయిన్‌లో అనాయిస్, దక్షిణ కొరియాలో కోసైన్ చూస్తే అలాంటిదేమీ లేదు. దీనికి పూర్తి భిన్నంగా నడిచింది జినాన్ కథ. 2020లో, ద్రవ జినాన్‌లో కృష్ణ పదార్థాన్ని వెతికే జినాన్ 1టి బృందానికి 232 సంఘటనలు రావాల్సిన చోట 285 కనిపించాయి. కొత్త కణమని సంబరపడకుండా, కిలో జినాన్‌లో కొద్ది ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) పరమాణువులున్నా ఇలాగే వస్తుందని తమ వ్యాసంలోనే రాశారు. 2022లో ఇంకా శుభ్రమైన డిటెక్టర్‌తో చూస్తే ఆ ఎక్కువ మాయమైంది. ఈ రంగంలో మర్యాద అంటే అది.

ఇప్పుడు మలుపు ఇంకోటి వచ్చింది. డేవిస్ తొట్టి పెట్టిన హోమ్‌స్టేక్ కుహరంలోనే ఈనాడు 10 టన్నుల జినాన్‌తో ఎల్‌జడ్ అనే కృష్ణ పదార్థం ప్రయోగం నడుస్తోంది. డిటెక్టర్లు ఇంత సున్నితమయ్యేసరికి, ఎంత లోతుకు వెళ్లినా, ఎంత శుద్ధి చేసినా ఆపలేని బ్యాక్‌గ్రౌండ్ ఒకటి మిగిలింది: సూర్యుడి న్యూట్రినోలు. 2024లో ఇటలీలోని జినాన్ ఎన్‌టి, చైనాలోని పాండాఎక్స్ 4టి విడివిడిగా, బోరాన్ 8 న్యూట్రినోలు జినాన్ కేంద్రకాలను కదిలిస్తున్న మొదటి సూచనలను ప్రకటించాయి. ఆవిష్కరణ అనేంత బలం అప్పటికి రాలేదు. స్నో లెక్కపెట్టినవి సరిగ్గా ఈ న్యూట్రినోలనే. జినాన్‌లో ఎన్ని తాకిళ్లు రావాలో ఊహించడానికి ఇప్పుడు ఆ కొలతే ఆధారం. ప్రోటాన్‌కు సుమారు ఆరు రెట్లు బరువున్న కృష్ణ పదార్థపు కణం తాకితే ఎలా కనిపిస్తుందో, బోరాన్ 8 న్యూట్రినో తాకినా జినాన్‌లో దాదాపు అలాగే కనిపిస్తుంది. భారజలంలో గామాకూ న్యూట్రినోకూ మధ్య వచ్చిన చిక్కే ఇక్కడ న్యూట్రినోకూ కృష్ణ పదార్థానికీ మధ్య తిరిగి వచ్చింది. తేడా ఏమిటంటే థోరియాన్ని తీసేసినట్టు సూర్యుడిని తీసేయలేం.

రెండింటినీ వేరుచేయగల ఆధారం ఒకటి మిగిలి ఉంది: దిశ. న్యూట్రినోలు సూర్యుడి వైపు నుంచి వస్తాయి. గెలాక్సీలో సౌర కుటుంబం కదిలే తీరు వల్ల కృష్ణ పదార్థం సిగ్నస్ నక్షత్ర మండలం వైపు నుంచి ఎదురొస్తున్నట్టు ఉండాలి. ఆకాశంలో ఈ రెండు దిశలూ ఏడాది పొడవునా ఎక్కడా కలవవు. కేంద్రకం ఎటు కదిలిందో చూడగలిగితే సమస్య తీరుతుంది. కానీ ద్రవ జినాన్‌లో ఆ కదలిక మైక్రాన్ కూడా ఉండదు. పీడనం బాగా తగ్గించిన వాయువులో అదే కదలిక మిల్లీమీటరు దాకా సాగుతుంది, డిటెక్టర్‌కు గీతగా కనపడుతుంది. అయితే అంత పలచని వాయువులో టన్ను బరువు కూడగట్టాలంటే వేల ఘనపు మీటర్ల చోటు కావాలి, ఆ చోటంతా స్నో గోళం లోపలంత శుభ్రంగా ఉండాలి. జపాన్, ఇటలీ, బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లోని చిన్న బృందాలు చిన్న గదులతో ఆ పని చేస్తున్నాయి. వాళ్లూ ముందుగా తేల్చుకోవాల్సింది ఏ లోహంలో ఎంత రేడాన్ ఊరుతుందన్నదే.